వేటూరి ప్రభాకర శాస్త్రిగారు రోజంతా చేసిన పని ఏమిటి? పిల్లలకు చెప్పాలి, సాయం చేయండి

తిరుపతి మాస్టారు:

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను. ఫిబ్రవరి 7 వేటూరి ప్రభాకర శాస్త్రిగారి జయంతి. శ్వేత భవనం ఎదురుగా ఉన్న ఆయన కంచు విగ్రహానికి ఆ రోజు పూలమాలలు వేస్తారు. ఈసారి మా కాలేజీలో కూడా చిన్న సభ పెడుతున్నాం. మాట్లాడే పని నాకు అప్పజెప్పారు.

నా దగ్గరున్న సరుకు ఇదీ. 1888లో కృష్ణా జిల్లా పెదకళ్లేపల్లిలో పుట్టారు. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారి శిష్యులు. మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో మూడు దశాబ్దాలకు దగ్గరగా పనిచేశారు. దేవస్థానం వాళ్లు 1939లో తిరుపతిలో ప్రాచ్య పరిశోధనాలయం పెట్టాక ఇక్కడికి వచ్చి, 1950లో పోయేదాకా ఇక్కడే ఉన్నారు. ఆ సంస్థే 1956లో ఎస్వీ యూనివర్సిటీ చేతికి వచ్చింది. ఇక ఆయన పుస్తకాల పేర్లు ఒక పేజీడు ఉన్నాయి.

ఇదంతా వరసగా చదివితే రెండో నిమిషానికే పిల్లలు ఫోన్లు తీస్తారు. వాళ్లను అనడానికి లేదు. కవి, పరిశోధకుడు, బహుముఖ ప్రజ్ఞాశాలి అని ప్రతి సభలోనూ వింటూనే ఉన్నారు. నాకు చెప్పాలని ఉన్నది వేరు. ఈ మనిషి బతుకులో ఎక్కువ భాగం తాటాకుల మధ్య గడిచింది. పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికొచ్చేదాకా అక్కడ కూర్చుని ఏం చేసేవారు? మా పిల్లల్లో చాలామంది తాళపత్రం అన్నది సినిమాలో తప్ప చూడలేదు. నేనూ అద్దాల పెట్టెలో చూసిందే కానీ చేత్తో పట్టుకున్నది లేదు. ఈ పనిలో ఉన్నవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి.

కృష్ణాతీరం:

మాస్టారూ, మాది పెదకళ్లేపల్లికి దగ్గర ఊరే. నాగేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు, దక్షిణ కాశి అంటారు. సినీకవి వేటూరి సుందరరామమూర్తిగారు కూడా ఆ ఇంటివారే అని చెప్పండి, పిల్లలు వెంటనే తలెత్తుతారు.

నేనైతే చాటుపద్యాలతో మొదలుపెడతాను. పుస్తకాలకెక్కకుండా జనం నోళ్లలో నానుతూ వచ్చిన పద్యాలను పోగుచేసి "చాటుపద్యమణిమంజరి" వేశారు. శ్రీనాథుడి మీద, తెనాలి రామలింగడి మీద మనం చిన్నప్పుడు విన్న పద్యాల్లో చాలావాటికి ఆ పుస్తకమే చిరునామా. అమరావతి శాసనంలో "నాగబు" అన్న తెలుగు మాటను గుర్తుపట్టింది కూడా ఆయనే. తాటాకుల పని గురించి మాత్రం నాకు తెలియదు. ఇక్కడ "కమ్మకట్ట" అమ్మగారు ఉన్నారుగా, ఆవిడ చెప్పాలి.

కమ్మకట్ట:

మాస్టారూ, నా ఉద్యోగమంతా ఈ పనిలోనే గడిచింది. ఒక యూనివర్సిటీ ప్రాచ్య గ్రంథాలయంలో, రాతప్రతుల విభాగంలో. మొదట ప్రతులు ఎత్తి రాసే పని, తర్వాత కేటలాగు. శాస్త్రిగారిని చూసే వయసు కాదు నాది, నేను పుట్టేసరికే ఆయన పోయారు. కానీ ఆయన పీఠికలు ఎప్పుడూ నా బల్ల మీద ఉండేవి. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేటప్పుడు వాటితోనే మొదలుపెట్టేదాన్ని. అందుకని పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు కట్ట అంటే ఏమిటో చెప్తాను. గుడ్డ విప్పితే రెండు చెక్కల మధ్య తాటి కమ్మలు ఉంటాయి. రెండు వేళ్ల వెడల్పు, పొడవు జానెడు నుంచి మూరెడు దాకా. కమ్మకు ఒకటో రెండో చిల్లులు, వాటిలోంచి దారం. రాసింది సిరాతో కాదు, గంటం అనే ఇనుప మొనతో గీస్తారు. గీసినప్పుడు ఆ గీతకు రంగుండదు. మసి పూసి తుడిస్తే గీతల్లోకి నలుపు దిగి అక్షరం పైకి తేలుతుంది. వందల ఏళ్లకు ఆ మసి పోతుంది. అప్పుడు కమ్మను కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని, వెలుగు పడే కోణం మారుస్తూ చదవాలి. ఒక్కో పంక్తికి మెడ పట్టేస్తుంది.

పురుగు ఉంటుంది. అది ఒక కమ్మ తిని ఊరుకోదు, కట్టను అడ్డంగా తొలుచుకుంటూ పోతుంది. దాంతో వరసగా చాలా కమ్మల్లో ఒకే చోట అక్షరాలు ఎగిరిపోతాయి. అంచులు విరిగితే పంక్తుల మొదళ్లు పోతాయి. అన్నిటికన్నా ముందు పాడయ్యేవి పైనా కిందా ఉండే కమ్మలు. మన దురదృష్టం ఏమిటంటే పుస్తకం పేరు, కవి పేరు, రాసిన సంవత్సరం సాధారణంగా ఉండేది అక్కడే. లోపలి భాగం దొరికినప్పుడు ఆశ్వాసం, అంటే కావ్యంలో ఒక అధ్యాయం, దాని చివరి గద్య కోసం వెతుకుతాం. కవి తన పేరు, తండ్రి పేరు, కావ్యం పేరు అక్కడ మళ్లీ చెప్పుకుంటాడు. అదీ పోతే ఆ కట్ట పేరులేని కట్టగానే రిజిస్టరులోకి ఎక్కుతుంది.

ఇక చదవడం. కమ్మ మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. పద్యం పాదాలుగా విరిచి ఉండదు, వచనంలాగే ఏకధాటిగా సాగిపోతుంది. ఎ, ఏలకూ ఒ, ఓలకూ చాలా ప్రతుల్లో తేడా కనిపించదు. ఏది ఎక్కడ విరవాలో, ఎక్కడ దీర్ఘమో చదివేవాళ్లే పోల్చుకోవాలి. ఇక్కడ ఛందస్సు తెలిసిన మనిషి కావాలి. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర యతి, చంపకమాలలో పదకొండో అక్షరం దగ్గర. రెండో అక్షరం ప్రాస. ఒక పాదంలో పురుగు తిన్న చోట ఏ అక్షరం ఉండి ఉండాలో మిగిలిన మూడు పాదాల ప్రాస చెప్తుంది. అలాగని నోటికొచ్చిన అక్షరం వేసి పూరించకూడదు. మరో ప్రతి దొరికేదాకా అక్కడ గ్రంథపాతం, అంటే పాఠం పోయింది, అని చూపించాలి. శాస్త్రిగారు స్వయంగా కవి, పద్యం అల్లగలిగిన చెయ్యి. అలాంటి మనిషికి ఖాళీ కనిపిస్తే పూరించేయాలన్న లాగుడు ఎంత ఉంటుందో ఆలోచించండి. ఈ పనిలో చెయ్యి ఆపుకోవడం కూడా పనే.

ఇదంతా ఒక్క ప్రతి సంగతి. ఒకే కావ్యానికి నాలుగు ప్రతులుంటే నాలుగూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చాలి. ఇద్దరు కూర్చుంటారు. ఒకరు చదువుతారు, ఇంకొకరు తమ ప్రతిలో చూస్తూ తేడా వచ్చినచోట ఆపుతారు. ఆ తేడా పాఠాంతరమా, అంటే ఆ పద్యానికి నిజంగానే ఉన్న మరో పాఠమా, లేక రాసినవాడి పొరపాటా అన్నది తేల్చాలి. రోజంతా చేస్తే కొన్ని పద్యాలు అవుతాయి.

మద్రాసు భాండాగారం మామూలు చోటు కాదు. 1869 నాటిది. కల్నల్ మెకంజీ తన మనుషుల్ని ఊరూరా తిప్పి రాయించిన కైఫీయతులు అనే ఊళ్ల చరిత్రలు, కావలి సోదరులు ఆయన కోసం సేకరించినవి, లేడన్ అనే దొర సేకరణ, సి.పి.బ్రౌన్ సొంత డబ్బు పోసి పండితుల చేత ఎత్తి రాయించిన ప్రతులు, ఇవన్నీ అక్కడికి చేరాయి. తెలుగు కావ్యాల్లో చాలావాటికి ఇవాళ మనం చదివే రూపం ఆ కట్టల మీద నుంచి వచ్చిందే. మెకంజీ 1821లో పోయాడు, బ్రౌన్ 1884లో. వాళ్లు పోగుచేసి వెళ్లారు. ఆ పోగును కూర్చుని చదివి, ఇది ఫలానా, దీని విలువ ఇంత, దీనికి జత ఫలానా చోట ఉంది అని చెప్పినవాళ్లు మానవల్లి రామకృష్ణకవిగారు, ప్రభాకర శాస్త్రిగారు, వాళ్ల లాంటి కొద్దిమంది. సేకరించినవాళ్లకు వచ్చిన పేరు వీళ్లకు రాలేదని నాకు ఎప్పుడూ బాధ.

పిల్లలకు ఒక్క కథే చెప్పాలంటే "ప్రబంధరత్నావళి" కథ చెప్పండి. పెదపాటి జగన్న అని పాతకాలపు కవి ఒకాయన ఉన్నాడు. తనకు నచ్చిన పద్యాలను రకరకాల కావ్యాల్లోంచి ఏరి, వర్ణనల వారీగా కూర్చి "ప్రబంధరత్నాకరం" అని సంకలనం చేశాడు. ఏ పద్యం ఏ కవిదో, ఏ కావ్యంలోదో కూడా రాసుకున్నాడు. తర్వాతి కాలంలో అతను చూసిన కావ్యాల్లో చాలావి నామరూపాల్లేకుండా పోయాయి. తంజావూరు సరస్వతీ మహల్లో శాస్త్రిగారికి ఈ సంకలనం కనబడింది. అందులో దొరికే కావ్యాల పద్యాలు పక్కన పెట్టి, ఇంకెక్కడా దొరకని కావ్యాల పద్యాలు ఏరి, 1918లో "ప్రబంధరత్నావళి"గా అచ్చువేశారు. చిమ్మపూడి అమరేశ్వరుడి "విక్రమసేనం" లాంటి కావ్యం ఒకటి ఉండేదని, దాని పద్యాల నడక ఇలా ఉండేదని మనకు రుచి తెలిసింది ఇలాంటి ఏరివేత వల్లనే. మొత్తం కావ్యం పోయింది, ఏదో సూర్యోదయం మీద నాలుగు పద్యాలు, చంద్రుడి మీద రెండు మిగిలాయి అనుకోండి. అవి ఆ కావ్యంలోవి అని ఎవరో ఒకరు గుర్తుపట్టి చెప్పకపోతే రెండోసారి పోయేవి.

దీనికి ఎంత చదువు కావాలో గమనించండి. ఫలానా పద్యం దొరకని కావ్యంలోది అని తేల్చాలంటే దొరికే కావ్యాలన్నీ మనసులో ఉండాలి. అప్పట్లో వెతికిపెట్టే కంప్యూటర్లు లేవు, చాలావాటికి పద్యసూచికలు కూడా లేవు.

ఇంకోటి చెప్తాను. 1926లో ఆంధ్రగ్రంథమాల వాళ్లు పాల్కురికి సోమనాథుడి బసవపురాణం వేశారు. ప్రతులు పోల్చి పాఠం తేల్చిన పరిష్కర్త శాస్త్రిగారే. అది ద్విపదలో, అంటే రెండేసి పాదాల ఛందస్సులో ఉంది. అప్పటికి ద్విపద అంటే పండితులకు చిన్నచూపు, శైవ కావ్యాలంటే ఇంకా దూరం. ఆయన ఆ పుస్తకానికి పెద్ద పీఠిక రాశారు. సోమనాథుడి కాలం, భాష, మతం, ఆచారాలు అన్నీ తవ్విపోశారు. ఇవాళ సోమనాథుణ్ణి తెలంగాణలోనూ ఆంధ్రాలోనూ ఆదికవుల వరసలో కూర్చోబెట్టి మాట్లాడుతున్నామంటే దానికి ఆ అచ్చు ప్రతి ఒక ముఖ్య కారణమని నా నమ్మకం.

ఆయన చెప్పినవన్నీ నేను ఒప్పుకోను. క్రీడాభిరామం అనే పాత కావ్యం శ్రీనాథుడిదే అని గట్టిగా వాదించారు. నా చెవికి అది వినుకొండ వల్లభరాయుడి గొంతే. కానీ ఆ వాదన ఆయనతో పడటానికి కావలసిన సామానంతా ఆయన పీఠికలోనే దొరుకుతుంది. తన వాదానికి ఆధారాలు ఏమిటో పరిచి పెట్టారు, వద్దనుకున్నవాళ్లు వాటితోనే జవాబు చెప్పుకోవచ్చు. పరిశోధన అంటే నాకు తెలిసిన అర్థం అదే.

మద్రాసు రోజుల్లో ఆరోగ్యం దెబ్బతిని కుంభకోణంలో మాస్టర్ సి.వి.వి. అనే యోగ గురువు దగ్గరికి వెళ్లారు. ఆ యోగం జీవితాంతం పట్టుకుని ఎంతోమందికి చికిత్స కూడా చేశారు. అది ఇంకో పెద్ద అధ్యాయం, మీ సభకు అక్కర్లేదు.

స్వరలహరి:

కమ్మకట్ట అమ్మగారికి నమస్కారాలు. నేను న్యూజెర్సీలో పిల్లలకు సంగీతం నేర్పుతాను. మా పిల్లలకు ప్రభాకర శాస్త్రిగారి పేరు తెలిసింది అన్నమయ్య వల్లనే. అన్నమాచార్య చరిత్ర అచ్చువేసింది ఆయనే కదా. మాస్టారు తిరుపతిలోనే ఉన్నారు కాబట్టి దాని గురించి తప్పకుండా చెప్పాలి. నాకో సందేహం. అన్నమయ్య పుట్టింది 1408, పోయింది 1503 అని అంత కచ్చితంగా ఎలా తెలిసింది? ఒక పిల్లవాడు అడిగాడు, "ఇంటర్నెట్‌లో ఉంది" అని దాటవేయడం ఇష్టం లేకపోయింది.

కమ్మకట్ట:

మంచి ప్రశ్న అమ్మా. ఇది పిల్లల చేతే లెక్క వేయించొచ్చు.

తిరుమల గుడిలో సంకీర్తన భాండారం అని రాతి అర ఒకటి ఉంది. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి అందులో పెట్టారు. ఒక రేకు మొదట్లో ఈ సంగతి ఉంది: శాలివాహన శకం 1346, క్రోధి సంవత్సరంలో, అన్నమాచార్యులు పుట్టిన పదహారేళ్లకు స్వామి ప్రత్యక్షమయ్యాడు. అప్పటి నుంచి శకం 1424, దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా పాడారు.

శకానికి 78 కలిపితే మన సంవత్సరం వస్తుంది. 1346కు 78 కలిపితే 1424. అందులోంచి పదహారు తీస్తే 1408. అలాగే 1424కు 78 కలిపితే 1502. కానీ ఫాల్గుణం తెలుగు సంవత్సరంలో చివరి నెల, ఇంగ్లీషు సంవత్సరం అప్పటికి మారిపోతుంది. కాబట్టి 1503 ఫిబ్రవరి.

అంతటితో ఆగకూడదు. శకం అంకె రాయడంలో చెక్కినవాడు పొరబడి ఉండొచ్చు, అందుకని సంవత్సరం పేరు సరిపోయిందో లేదో చూడాలి. మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకు ఒకసారి తిరిగి వస్తాయి. మొన్నమొన్నటి దుందుభి 1982లో మొదలైంది. 1982లోంచి 1502 తీస్తే 480, అంటే సరిగ్గా ఎనిమిది అరవైలు. క్రోధి 2024లో వచ్చింది. 2024లోంచి 1424 తీస్తే 600, పది అరవైలు. రెండూ సరిపోయాయి. రాతప్రతుల విభాగంలో మేం రోజూ వేసే లెక్క ఇదే. శకం ఒకటి చెప్పి పేరు ఇంకొకటి చెప్తే ఆ ప్రతిని అనుమానించాల్సిందే.

రాగిరేకులను వెలుగులోకి తెచ్చిన ఘనత మొదట దేవస్థానం శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్య శాస్త్రిగారిది. ఆయన్ను కూడా మీ సభలో తలుచుకోండి మాస్టారూ. ప్రభాకర శాస్త్రిగారు వచ్చాక ఆ సాహిత్యం మీద పడ్డారు. అన్నమయ్య మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన "అన్నమాచార్య చరిత్ర"ను 1949లో తమ పీఠికతో వెలువరించారు. మరుసటి ఏడే ఆయన పోయారు. అన్నమయ్య ముప్పైరెండు వేల సంకీర్తనలు చెప్పాడని తెలిసింది ఆ ద్విపద వల్లనే. రేకుల మీద మనకు దొరికినవి అందులో సగం కూడా లేవు. ఊరు, ఇల్లు, తిరుమలకు నడిచివెళ్లిన దారి, రాజుతో వచ్చిన గొడవ, ఈ కథలన్నీ సినిమాల్లోకీ హరికథల్లోకీ వెళ్లింది ఆ చిన్న పుస్తకం నుంచే.

శాస్త్రిగారి అబ్బాయి ఆనందమూర్తిగారు ఉస్మానియాలో ఆచార్యులుగా పనిచేస్తూ తాళ్లపాక కవుల మీదే పరిశోధన చేశారు. తండ్రి పని అక్కడితో ఆగలేదని పిల్లలకు చెప్పండి.

తిరుపతి మాస్టారు:

అమ్మా, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నా ప్రసంగం మొత్తం మార్చేశాను. ప్రబంధరత్నావళి, రాగిరేకు లెక్క, ఈ రెండే పెట్టుకుంటున్నాను. లెక్క బోర్డు మీద పిల్లల చేతే వేయిస్తాను.

నిన్న క్లాసులో ఈ విషయం కదిపితే ఒక అమ్మాయి అడిగింది: "ఇప్పుడు అన్నీ స్కాన్ చేసి పెట్టేస్తున్నారు కదా సార్, ఇంక ఇలాంటి మనుషులు ఎందుకు?" తెలివైన పిల్ల, ఎగతాళికి అడగలేదు. ఏం చెప్పమంటారు?

కమ్మకట్ట:

స్కానింగ్ చాలా అవసరం, అందులో రెండో మాట లేదు. జాతీయ మాన్యుస్క్రిప్ట్స్ మిషన్ 2003లో మొదలైంది. 2025 బడ్జెట్లో జ్ఞానభారతం అని మళ్లీ పెద్ద ఎత్తున ప్రకటించారు. కమ్మ విరిగినా బొమ్మ మిగులుతుంది, దూరం నుంచి చదవొచ్చు, అసలు కట్టను మాటిమాటికీ విప్పక్కర్లేదు. నా ఉద్యోగం తొలిరోజుల్లో ఈ సౌకర్యం ఉంటే ఎన్ని కమ్మలు బతికేవో.

కానీ ఆ అమ్మాయికి ఇది చెప్పండి. స్కాన్ చేసిన ఫైలుకు ఎవరో ఒకరు పేరు పెట్టాలి. ఆ పేరు ఎక్కడి నుంచి వస్తుంది? కట్ట మీద ఎవరో అంటించిన చీటీ నుంచి. చీటీ మీద "భారతం" అని ఉంటుంది. లోపల మొదటి ఇరవై కమ్మలు భారతమే. ఆ తర్వాత వైద్యం ఉంటుంది, ఆ వెనక ఎవరిదో అప్పుపత్రం, చివర్లో పేరు తెలియని శతకం. ఒకే కట్టలో నాలుగు గ్రంథాలు ఉండటం మాకు రోజూ ఎదురయ్యేదే. కూర్చుని చదివినవాళ్లు లేకపోతే ఆ శతకం "భారతం" అన్న పేరు కిందే కంప్యూటర్లో పడి ఉంటుంది. దాని కోసం వెతికేవాళ్లకు ఎప్పటికీ దొరకదు. మసి పోయిన కమ్మను స్కాన్ చేస్తే ఖాళీ ఆకు బొమ్మ వస్తుంది. ముందు దాన్ని శుభ్రం చేసి, మసి పట్టించి, అక్షరం తేలాక తీయాలి. అది తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి.

కేటలాగులో మేం ఏం రాస్తామో కూడా చూపించండి. కమ్మల సంఖ్య, పేజీకి ఎన్ని పంక్తులు, ఏ లిపి, ఏ భాష, ఎంత పాడైంది, మొదటి వాక్యం, చివరి వాక్యం, గద్య ఉంటే గద్య, రాసినవాడి పేరు, తేదీ. మొదటి వాక్యం, చివరి వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాయాలి. ఎందుకంటే రేపు ఇంకో ఊళ్లో ఇదే గ్రంథం పేరులేకుండా దొరికితే జతపరిచేది వాటితోనే. ఇలా ఒక కట్టకు ఒక పూట పట్టేది, కొన్నిటికి వారం.

ఆ అమ్మాయికి ఆసక్తి ఉంటే మీ ఊళ్లోనే యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది, తీసుకెళ్లండి. పాత తెలుగు లిపి చదవడం కష్టమేమీ కాదు. ఛందస్సు కొంచెం వచ్చి ఉంటే రెండు నెలల్లో పట్టుబడుతుంది. నేను నేర్పినవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే.

గోదారోడు:

ఈ థ్రెడ్ చదువుతుంటే నాకు టెన్షన్ మొదలైంది. మా అమ్మమ్మగారి ఇంట్లో, రాజోలు దగ్గర, అటక మీద రెండు తాటాకు కట్టలు ఉన్నాయి. దసరాకు దించి పసుపూ కుంకుమా పెట్టి మళ్లీ ఎక్కించేస్తారు. ఎవరికీ చదవడం రాదు. ఇల్లు పడగొట్టి కడుతున్నారు. 2027లో గోదావరి పుష్కరాలు కదా, అప్పుడు నదిలో కలిపేద్దాం, అదే మర్యాద అని మామయ్యలు అంటున్నారు. నేను ఏం చెయ్యాలి?

కమ్మకట్ట:

బాబూ, నదిలో మాత్రం వేయనివ్వకండి. మామయ్యలతో గొడవ పడొద్దు, వాళ్లు భక్తితోనే అంటున్నారు. మన పాతవాళ్లు రాతప్రతుల చివర రాసుకునే శ్లోకం ఒకటి ఉంది, అది వినిపించండి. పుస్తకమే మాట్లాడుతున్నట్టుంటుంది: నూనె నుంచి కాపాడు, నీళ్ల నుంచి కాపాడు, వదులు కట్టు నుంచి కాపాడు, మూర్ఖుడి చేతిలో పెట్టకు. నీళ్లలో వెయ్యొద్దని పుస్తకమే అడుగుతుంటే నదిలో కలపడం మర్యాద ఎలా అవుతుందని నెమ్మదిగా చెప్పండి. పెద్దవాళ్లు ఈ మాటకు ఆగుతారు, నా అనుభవంలో ఆగారు.

కట్టలు మీరే దించండి, కూలీల చేతికి ఇవ్వొద్దు. దారం బిగిసిపోయి ఉంటే లాగొద్దు. కమ్మలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే గోరుతో విడదీయొద్దు, పెళుసుగా ఉంటే విరుగుతాయి. ఆ పని తెలిసినవాళ్లకు వదిలేయండి. పసుపు, కుంకుమ, దుమ్ము మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి, తడిగుడ్డ వద్దు. విరిగిన ముక్కలకు సెల్లోటేపు, గమ్ము పెట్టనేవద్దు. ముక్కలు ఒక కవరులో వేసి ఆ కట్టతోనే ఉంచండి, చిన్న ముక్కలో కూడా కవి పేరు ఉండొచ్చు. కమ్మల వరస మార్చొద్దు. తలకిందులుగా ఉన్నా అలాగే ఉంచండి, వరస చూడటం తర్వాత. నిమ్మగడ్డి నూనె రాయమని ఎవరైనా చెప్పినా మీ అంతట మీరు రాయొద్దు. అది వాడే పద్ధతి ఉంది, ముందు శుభ్రం చేయాలి, ఎంత రాయాలో తెలియాలి. ప్లాస్టిక్ సంచిలో పెట్టకుండా ఉతికిన నూలు గుడ్డలో, పైనా కిందా చెక్క పెట్టి, కమ్మలు వంకరపోకుండా గట్టిగా కట్టండి. గచ్చు మీద కాకుండా బీరువాలో పెట్టండి.

మీకు కాకినాడ దగ్గరే. అక్కడ ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఉంది, 1911లో మద్రాసులో పుట్టి తర్వాత కాకినాడకు వచ్చింది, రాతప్రతులు పోగుచేయడమే వాళ్ల మొదటి పనుల్లో ఒకటి. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయంలోనూ తాళపత్రాలు ఉన్నాయి. ముందు వెళ్లి మాట్లాడండి. కట్టలు ఇచ్చేయడం ఇష్టం లేకపోతే ఫొటోలైనా తీయించి, అసలు మీ ఇంట్లోనే ఉంచుకోవచ్చు. ఇస్తే మాత్రం రసీదు తీసుకోండి, మీ ఇంటిపేరు, ఊరి పేరు రిజిస్టరులో ఎక్కేలా చూడండి. ఎక్కడ దొరికిందో రాసి లేకపోతే ఆ కట్ట చరిత్ర సగం పోయినట్టే.

అమ్మమ్మగారిని ఒకటి అడగండి. ఆ కట్టలు ఎవరివి, ఆ ఇంట్లో వైద్యం చేసినవాళ్లుగానీ, హరికథ చెప్పినవాళ్లుగానీ, కరణీకం చేసినవాళ్లుగానీ ఉన్నారా? ఆవిడ ఏం చెప్తే అది చెప్పినట్టే కాగితం మీద రాసి కట్టలో పెట్టండి. తర్వాత రెండు కట్టల్లోనూ మొదటి కమ్మ, చివరి కమ్మ పగటి వెలుగులో, పక్క నుంచి వెలుతురు పడేలా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఫ్లాష్ వెయ్యొద్దు, మెరిసిపోయి అక్షరం కనబడదు. నేను చదివిపెడతాను.

గోదారోడు:

అలాగేనండీ. అమ్మమ్మకు ఇప్పుడే ఫోన్ చేశాను. కరణీకం కాదట, ఆవిడ తాతగారు నాటువైద్యం చేసేవారట, పెద్ద కట్ట ఆయనదేనంది. చిన్నది ఎవరిదో తెలియదంది. ఈ శనివారం ఊరెళ్తున్నాను, ఆదివారం సాయంత్రానికి ఫొటోలు పెడతాను.